ఇల్లు దాటే ముందే చూసుకోవలసిన లెక్కలు

ఈసారి మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నం నుంచే వచ్చాయి. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఇళ్లు వీధికి రెండు మూడైనా కనిపించే ఊరు గనుక అందులో వింతేమీ లేదు. కొందరు విదేశ ప్రయాణంలో డబ్బు ఎలా కాపాడుకోవాలని అడిగారు. కొందరు ధర్మకార్యానికి ఇచ్చే డబ్బు చేరవలసిన చోటికి చేరుతుందో లేదో ఎలా తెలుసుకోవాలని అడిగారు. రెండింటిలోనూ చిక్కు ఒకటే. డబ్బు చేయి దాటాక మనం లేచి వెళ్లి నిలదీయగలిగే కౌంటరు అక్కడ ఉండదు. కాబట్టి కింది జవాబుల్లో చాలా మటుకు ముందుగా చేయవలసిన పనుల గురించే ఉంటుంది.

ప్రశ్న: నేను నేవల్ డాక్‌యార్డులో పనిచేసి పదవీ విరమణ చేశాను. మర్రిపాలెంలో ఉంటున్నాము. మా అమ్మాయి కాన్పుకు నేనూ మా ఆవిడా అక్టోబరు మొదట్లో అమెరికా వెళ్లి మార్చి నెలాఖరుకు తిరిగి వస్తాము. ఇద్దరికీ ఇదే మొదటి విదేశ ప్రయాణం. అమ్మాయి క్రెడిట్ కార్డు ఒక్కటి చాలు అంటోంది. మా ఆవిడ చేతిలో రొక్కం లేనిదే గడప దాటనంటోంది. మా పింఛను, డిపాజిట్లు అన్నీ ఒకే బ్యాంకు ఖాతాలో ఉన్నాయి. ఏమి చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది రొక్కమూ కాదు, కార్డూ కాదు, చివరి వాక్యం. జీవితకాలపు కష్టార్జితమంతా ఒకే ఖాతాలో ఉండి, ఆ ఖాతాకు చెందిన కార్డునే మీరు పరాయి దేశంలో ప్రతి దుకాణంలోనూ గీయబోతున్నారు. కాబట్టి ప్రయాణానికి నెల రోజుల ముందే వేరే బ్యాంకులో ఒక పొదుపు ఖాతా తెరిచి, ప్రయాణానికి కావలసినంత మాత్రమే అందులో వేసుకోండి. దాని కార్డు మీతో రావాలి, పింఛను ఖాతా కార్డు ఇంట్లో బీరువాలో ఉండాలి. దొంగ చేతికి చిక్కినా పోయేది ఆ చిన్న ఖాతాలోనిదే అవుతుంది. నేను బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న రోజుల్లో ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విన్నవారిని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రొక్కం విషయంలో మీ ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అమెరికా వెళ్లే ఒక్కొక్కరు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు నోట్ల రూపంలో తీసుకోవచ్చు. అంతకు మించినది ముందుగా విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు వంటి రూపంలో ఉండాలి. మీకు అంత రొక్కం అవసరం పడదు. ఇద్దరికీ కలిపి అయిదారు వందల డాలర్లు, అవి కూడా చిన్న నోట్లుగా, ఇద్దరి దగ్గరా సగం సగం ఉంటే చాలు. డాలర్లు కొనేది బ్యాంకులోనో, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మార్పిడి సంస్థలోనో అయి ఉండాలి, రసీదు దాచుకోవాలి. 50,000 రూపాయల లోపు అయితే రొక్కంగా చెల్లించి కొనవచ్చు, అది దాటితే చెక్కు గాని ఖాతా బదిలీ గాని కావాలి. తెలిసినవాడు రూపాయో అర్ధరూపాయో తక్కువకు ఇస్తానన్నాడని రసీదు లేని డాలర్లు తీసుకోకండి. మన నోట్లు కూడా మనిషికి 25,000 రూపాయల వరకు వెంట ఉంచుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు హైదరాబాదులోనో ఢిల్లీలోనో విమానం మారే వేళ అవి పనికి వస్తాయి. అమెరికాలో దిగేటప్పుడు కుటుంబమంతటి దగ్గరా కలిపి 10,000 డాలర్లకు మించి ఉంటే అక్కడి కస్టమ్స్ వారికి రాసి ఇవ్వాలి. ఆ మొత్తం తేవడం తప్పు కాదు, దాచడం తప్పు.

ఇక కార్డులు. మీ ఆవిడకొకటి, మీకొకటి, వేర్వేరు సంచుల్లో ఉండాలి. ఒకటి ఫారెక్స్ కార్డు అయితే మంచిది. అందులో ముందుగా డాలర్లు నింపుకొంటారు, ఆ రోజు ధరే ఖాయమవుతుంది, మీ పొదుపు ఖాతాతో దానికి ముడి ఉండదు. మామూలు క్రెడిట్, డెబిట్ కార్డుల మీద విదేశీ ఖర్చుకు బ్యాంకులు సాధారణంగా రెండు నుంచి మూడున్నర శాతం వరకు అదనపు రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తాయి. ఆర్థిక సంవత్సరంలో పది లక్షల రూపాయలు దాటి విదేశాలకు పంపితే బ్యాంకు ముందుగానే వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను గురించి మీరు దిగులు పడనక్కరలేదు, మీ ఖర్చు అంత దూరం వెళ్లదు.

2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం మూసి ఉంచే ఇస్తున్నారు. దాన్ని మీరే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. చాలామంది బయలుదేరే హడావుడిలో అన్ని మీటలూ ఒక్కసారిగా తెరిచేసి, మళ్లీ ఆ సంగతే మరిచిపోతారు. మీరు అలా చేయకండి. దుకాణాల్లో గీయడం, ఏటీఎం, ఆన్‌లైన్ కొనుగోలు, కార్డును తాకించి చెల్లించడం ఇలా ఒక్కొక్కదానికి వేర్వేరు మీటలు, వేర్వేరు పరిమితులు ఉంటాయి. విదేశీ ఆన్‌లైన్ కొనుగోలు మీట మాత్రం అవసరమైన పది నిమిషాలకే తెరిచి మూసేయండి. ఓటీపీ లేనిదే డబ్బు కదలదన్న ధైర్యం మన దేశపు లావాదేవీలకే సరిపోతుంది. చాలా విదేశీ వెబ్‌సైట్లలో కార్డు మీది అంకెలు, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెల సంఖ్య తెలిస్తే చాలు, ఓటీపీ అడగకుండానే సొమ్ము పోతుంది. ఆ మూడంకెలున్న వైపు ఫొటో తీసి వాట్సాప్‌లో అమ్మాయికి పంపే అలవాటు ఉంటే ఇవాళే మానుకోండి.

అక్కడి ఏటీఎం గాని, దుకాణంలోని యంత్రం గాని ‘రూపాయల్లో చెల్లిస్తారా, డాలర్లలోనా’ అని అడగవచ్చు. రూపాయలు కనిపించగానే మన ప్రాణం లేచి వస్తుంది. అయినా డాలర్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మార్పిడి ధర ఆ యంత్రం వారు నిర్ణయించినది అవుతుంది, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే.

అన్నిటికంటె ఎక్కువమంది పొరబడేది ఫోను నంబరు దగ్గర. మీ బ్యాంకు హెచ్చరికలన్నీ విశాఖలో తీసుకున్న సిమ్‌కే వస్తాయి. అమెరికా వెళ్లగానే అక్కడి సిమ్ వేసుకుని పాతది డబ్బాలో పడేస్తే డబ్బు పోయినా మీకు తెలిసే దారి ఉండదు. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు అసలు వాడకుండా, అందులో కనీస నిల్వ లేకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. రద్దయిన నంబరు కొన్నాళ్లకు మరొకరికి వెళ్తుంది. అప్పుడు మీ ఖాతా హెచ్చరికలు ఎవరి జేబులో మోగుతాయో ఊహించుకోండి. మీరు వెళ్లేది ఆరు నెలలకు గనుక మొత్తం కాలానికి సరిపడే రీచార్జ్ ముందే వేయించి, ఎస్ఎంఎస్‌లు అందేలా రోమింగ్ తెరిపించుకోండి. రెండు సిమ్‌లు పట్టే ఫోనయితే పాతదాన్ని తీయనక్కరలేదు. ఈమెయిల్‌కు కూడా హెచ్చరికలు వచ్చే ఏర్పాటు బ్యాంకులో అడగండి.

ఒకవేళ మీరు చేయని ఖర్చు కనిపిస్తే గంటలు ముఖ్యం. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసమైతే, సమాచారం అందిన మూడు పనిదినాల లోపు ఫిర్యాదు చేసినవారికి నష్టం అంటదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే పరిమితమైన నష్టం భరించాలి. ఆ తరువాత మీ గతి బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది. పిన్నో ఓటీపీయో మీరే చెప్పి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసే దాకా పోయినదంతా మీ ఖాతాలోదే. ముందు యాప్‌లో కార్డు మూసేసి, తరువాత ఫోను చేయండి. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు విదేశం నుంచి కలవకపోవచ్చు గనుక +91తో ఉన్న బ్యాంకు నంబరు కాగితం మీద రాసి ఫోను దగ్గర కాక వేరే చోట పెట్టుకోండి. సైబర్ నేరాల 1930 నంబరుకు విశాఖలో ఉన్న బంధువు చేత మాట్లాడించవచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మీరే రాయవచ్చు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు గనుక నవంబరులో మీరు జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఆ నెల మీరు అమెరికాలో ఉంటారు. భారత రాయబార కార్యాలయం గాని, కాన్సులేటు గాని ధ్రువీకరించిన లైఫ్ సర్టిఫికెట్ పంపవచ్చు. అమ్మాయి ఉండే ఊరికి దగ్గరి కాన్సులేటు ఏదో, అక్కడ ముందుగా సమయం తీసుకోవాలో లేదో ఇప్పుడే కనుక్కోండి. లేకపోతే పింఛను ఆగిపోయిన సంగతి తిరిగి వచ్చాకే తెలుస్తుంది.

ఆరోగ్య బీమా గురించి ఒక్క మాట. అమెరికాలో వైద్య ఖర్చు మీ కార్డు మీద పడితే పై జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి. బీపీ, షుగరు వంటి పాత జబ్బులకు ఆ పాలసీ ఎంత వరకు వర్తిస్తుందో చదివి గాని కొనకండి.

చివరగా ఫోన్లు. ‘మీ పాస్‌పోర్టులో తేడా ఉంది, మీ పేరున పార్సిల్ పట్టుబడింది’ అంటూ రాయబార కార్యాలయం పేరుతోనో పోలీసుల పేరుతోనో బెదిరించే వారుంటారు. ఫోన్లోనే అరెస్టు చేశామని చెప్పే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో లేదు. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమని ఏ దేశపు ప్రభుత్వ శాఖా అడగదు. దీనికి మరో వైపు కూడా ఉంది. మీరు అక్కడ ఉండగా ఇక్కడి మీ తమ్ముడికో మేనల్లుడికో మీ ఫొటో పెట్టుకున్న నంబరు నుంచి ‘పర్సు పోయింది, వెంటనే యాభై వేలు పంపు’ అని రావచ్చు. బయలుదేరే ముందు మీ వాళ్లందరితో ఒక గుర్తు మాట అనుకోండి, మీ ఇంట్లో తప్ప ఎవరికీ తెలియని చిన్నప్పటి ముద్దుపేరు వంటిది. ఆ మాట లేనిదే పైసా పంపవద్దని చెప్పి వెళ్లండి.

ప్రశ్న: నేను సీతమ్మధారలో ఉంటాను. మా వారి సంవత్సరీకానికి వృద్ధాశ్రమంలో భోజనాలకు గాను మా అబ్బాయి అమెరికా నుంచి 5,000 డాలర్లు ఇస్తానంటున్నాడు. రెండేళ్ల కిందట అతనికి అక్కడి పౌరసత్వం వచ్చింది, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. ఆశ్రమం వారు ‘మా కార్యదర్శి సొంత ఖాతాకు వేయించండి, లేదా మీ ఖాతాకు తెప్పించి రొక్కం ఇవ్వండి’ అన్నారు. అలా చేయవచ్చునా అమ్మా?

జవాబు: వద్దమ్మా. ఆ రెండు దారులూ పుణ్యానికి పోతే పాపం ఎదురైన చందమే అవుతాయి.

మన దేశంలో విదేశీ విరాళాలకు 2010 నాటి చట్టం ఒకటి ఉంది, దాన్నే ఎఫ్‌సీఆర్ఏ అంటారు. ఆ చట్టం చూసేది డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందని మాత్రమే కాదు, ఇచ్చేవారి పౌరసత్వాన్ని కూడా. మీ అబ్బాయి భారత పౌరుడిగానే ఉండి అక్కడ ఉద్యోగం చేస్తూ, తన కష్టార్జితాన్ని బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరుడైన మరునాటి నుంచి, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అదే డబ్బు విదేశీ విరాళం అవుతుంది. దాన్ని కేంద్ర హోంశాఖ దగ్గర నమోదైన సంస్థ, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే తీసుకోవాలి. అదీ 2020 సవరణ తరువాత కొత్త ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే మొదట చేరాలి. కార్యదర్శి సొంత ఖాతా అడిగారంటే వారికి ఆ నమోదు లేదని అనుకోవాలి, లేదా ఉండీ తప్పించుకుంటున్నారని అనుకోవాలి. రెండింటిలో ఏది నిజమైనా మీ అబ్బాయి డబ్బుకు లెక్క ఉండదు.

మీ ఖాతాకు కొడుకు డబ్బు పంపడంలో తప్పు లేదు. దగ్గరి బంధువుల నుంచి ఏడాదికి పది లక్షల రూపాయల వరకు వస్తే హోంశాఖకు తెలపవలసిన పని కూడా లేదు. అయితే ఆశ్రమం కోసమే వచ్చిన విరాళాన్ని మీ ఖాతా గుండా దాటించి, రొక్కంగా తీసి ఇవ్వడం వేరు. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పవలసినది మీరు, ఈ వయసులో ఆ తలనొప్పి ఎందుకు?

మీకు మూడు మంచి దారులు ఉన్నాయి. ఎఫ్‌సీఆర్ఏ నమోదు ఉన్న మరో ఆశ్రమాన్ని చూసుకోవడం ఒకటి. హోంశాఖ ఇచ్చిన నమోదు పత్రం చూపమని ఆశ్రమం వారినే అడగండి. రెండోది, అబ్బాయి అక్కడే పన్ను మినహాయింపు ఉన్న అమెరికా సంస్థకు ఇచ్చి, ఆ సంస్థ ద్వారా ఇక్కడి నమోదైన ఆశ్రమానికి చేర్చడం. నేరుగా భారతదేశపు ఆశ్రమానికి పంపితే అతనికి అక్కడ పన్ను తగ్గదు. అక్కడి సంస్థకు ఇస్తే తగ్గే అవకాశం ఉంది. ఆ సంస్థ అసలుదా కాదా అన్నది అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటులో వెదికి చూడవచ్చు. 250 డాలర్లు, ఆ పైన ఇస్తే సంస్థ నుంచి రాతపూర్వక రసీదు తప్పనిసరి. మూడోది, నా మనసుకు నచ్చినది: మీ పింఛనులోంచి, మీ పొదుపులోంచి, మీ చేతి మీదుగా, మీ వారి పేరున అన్నదానం చేయించడం. మొత్తం చిన్నదే కావచ్చు, కాని వడ్డించే చోట మీరు నిలబడి చూడవచ్చు.

అలా మీరే ఇస్తే పన్ను సంగతి కూడా తెలుసుకోండి. ఆశ్రమానికి 80జీ గుర్తింపు, అంటే ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరికే గుర్తింపు, ఉండాలి. 2,000 రూపాయలకు మించి రొక్కంగా ఇస్తే మినహాయింపు లేదు గనుక చెక్కుగానో, ఖాతా బదిలీగానో ఇవ్వండి. బియ్యం బస్తాలు, దుప్పట్లు ఇస్తే పుణ్యమే గాని పన్ను తగ్గదు. రసీదు ఒక్కటి చాలదు. ఆ సంస్థ ఏడాది విరాళాల వివరం మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు పంపి, 10బీఈ అనే ధ్రువపత్రం మీకు ఇవ్వాలి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ మినహాయింపు మీకు అసలే వర్తించదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్ల సంఖ్యలు మారుతున్నాయి. అందరికీ అలవాటైన పాత సంఖ్యలే ఇక్కడ రాశాను.

ప్రశ్న: మాది గాజువాక. తుపాను వచ్చినా, ఎవరి బిడ్డకు జబ్బు చేసినా ఫోన్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చి పడుతున్నాయి. ఇవ్వకపోతే మనసొప్పదు, ఇస్తే మోసపోతానేమోనని భయం.

జవాబు: మీ మనసు మంచిది, మీ భయమూ మంచిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరిని ఊడ్చిపెట్టినప్పుడు సాయం అడిగేవాడి ముఖం ఎదురుగా కనిపించేది. ఇప్పుడు ఫొటో ఒకరిది, ఖాతా మరొకరిది కావచ్చు. 2020లో పీఎం కేర్స్ నిధి ప్రకటించిన రోజుల్లోనే దాని యూపీఐ చిరునామాలో ఒక్క అక్షరం మార్చి దొంగ చిరునామాలు పుట్టుకొచ్చాయి. కనుక ముందుకు పంపిన సందేశంలోని కోడ్‌ను ఎప్పుడూ స్కాన్ చేయకండి. ఆ సంస్థ సొంత వెబ్‌సైటుకు మీరే వెళ్లి అక్కడ ఇవ్వండి. డబ్బు పంపే ముందు తెర మీద కనిపించే పేరు సంస్థ పేరే అయి ఉండాలి, వ్యక్తి పేరైతే ఆగిపోండి. సంస్థ గురించి నీతి ఆయోగ్ వారి ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లోనూ, 80జీ గుర్తింపు గురించి ఆదాయపు పన్ను పోర్టల్‌లోనూ చూడవచ్చు. తుపాను వంటి విపత్తుకైతే ముఖ్యమంత్రి సహాయనిధి ఉండనే ఉంది, దానికిచ్చిన మొత్తానికి పాత పన్ను విధానంలో నూటికి నూరు శాతం మినహాయింపు.

బిడ్డ జబ్బు విషయంలో, కేజీహెచ్‌లోనో మరో ఆసుపత్రిలోనో ఉన్నాడంటే ఆ వార్డుకు ఫోను చేసి కనుక్కోవచ్చు, లేదా ఆ పక్క వీధిలో ఉండే స్నేహితుణ్ణి వెళ్లి చూసి రమ్మనవచ్చు. ప్రైవేటు ఆసుపత్రి అయితే బిల్లు ఖాతాకే నేరుగా కట్టండి. విరాళాలు పోగుచేసే యాప్‌ల ద్వారా ఇచ్చేటప్పుడు ‘ప్రతి నెలా ఇస్తాను’ అనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉందేమో, ‘మా సేవకు చిరుకానుక’ అంటూ అదనంగా ఎంతో కలిపారేమో చూడండి. ఇప్పటికే ఆటోపే, అంటే దానంతటదే డబ్బు వెళ్లిపోయే ఏర్పాటు, మొదలై ఉంటే మీ యూపీఐ యాప్‌లోనే దాన్ని రద్దు చేయవచ్చు.

ఇదే జాగ్రత్త విహారయాత్రకు వెళ్లినప్పుడు కూడా. పారిస్ వంటి నగరాల్లో పర్యాటకులు తిరిగే చోట బధిరుల సంఘం పేరుతో కాగితం చూపించి సంతకం పెట్టమంటారు. సంతకం అవగానే విరాళం అడుగుతారు, ఆ సందడిలో పక్కవాడు జేబు తడుముతాడు. దారిలో ఎవరికీ పర్సు తీసి ఇవ్వకూడదని నియమం పెట్టుకోండి. ఇవ్వాలనిపిస్తే గదికి వెళ్లాక నెమ్మదిగా విచారించి ఇవ్వవచ్చు.

ప్రశ్న: సింగపూరు వెళ్లి వచ్చాము. కొన్ని నోట్లు, గుప్పెడు చిల్లర నాణేలు మిగిలాయి. దాచుకోవచ్చునా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: తిరిగి వచ్చిన 180 రోజుల లోపు మిగిలిన విదేశీ నోట్లను మార్చేయాలి, అయితే 2,000 డాలర్ల విలువ మించకుండా నోట్లు మీ దగ్గర ఉంచుకోవచ్చు, మళ్లీ వెళ్లినప్పుడు పనికి వస్తాయి. నాణేలను మాత్రం ఇక్కడి మార్పిడి దుకాణాలు సాధారణంగా తీసుకోవు. 1987 నుంచి యూనిసెఫ్ కొన్ని విమానయాన సంస్థలతో కలిసి ఇలాంటి చిల్లర పోగుచేసి పిల్లల కోసం వాడుతోంది. ఈసారి తిరుగు విమానంలో సీటు జేబులో ఆ కవరు కనిపిస్తే ఆ నాణేలు అందులో వేసేయండి. అంతవరకు వాటిని పాస్‌పోర్టు ఉన్న సంచిలోనే ఉంచండి, లేకపోతే ఇంట్లో మరిచిపోయి వెళ్తారు.